తటస్థ చిత్రం

తార్తూలో నవంబరు.
మూడున్నరకే వీధి దీపాలు వెలిగిపోతాయి.
విశ్వవిద్యాలయం నేలమాళిగలో ఆరో నంబరు గది,
ఒక కుర్చీ, ఒక తెర, కాగితపు రుమాళ్ల డబ్బా.
డబ్బా కుర్చీకి మరీ దగ్గరగా ఉండకూడదు,
ఏడవమని చెప్పినట్టుంటుందని నిబంధన.

ఇక్కడ హెల్యు పని
మనుషులకు దిగులు పుట్టించడం.
అందుకో పాత సినిమా ముక్క ఉంది,
మూడు నిమిషాల పన్నెండు సెకన్లు.
రైలు వెళ్ళిపోయిన ప్లాట్‌ఫారం మీద ఒకామె
చేతిసంచిలోంచి రెండో టికెట్టు తీసి
దీని డబ్బులు వెనక్కిస్తారా అని గుమాస్తాని అడుగుతుంది.
అంతే.
చాలామంది ఆ 'డబ్బులు' దగ్గరే కరుగుతారు.
కంటికింకా కబురు అందకముందే
వేలికి చుట్టిన తీగకి తెలిసిపోతుంది.

హెల్యు దాన్ని నాలుగు వందలసార్లు చూసింది.
ఇప్పుడు టికెట్టునీ చూడదు, ఆ మనిషినీ చూడదు.
వెనక, ఫ్రేము మూలన, ఏదో నములుతూ
కెమెరా కేసి నవ్వేసిన పిల్లాడొకడుంటాడు.
వాడి కోసం చూస్తుంది.

మన దుఃఖానికైతే నడుమ ఓ విసర్గ ఉంది,
మాట పూర్తి కాకముందే ఊపిరి వదలొచ్చు.
వాళ్ళ ఫారంలో ఉన్నవి గళ్ళు, ఒకటి నుంచి ఏడు దాకా.
అక్క పోయిన మార్చిలో, గదిలో ఎవరూ లేనప్పుడు
హెల్యు కూడా ఒకటి నింపింది.
నాలుగు పెట్టింది.
నాలుగంటే అటూ కాదు, ఇటూ కాదు.
చింపి, కోటు జేబులో వేసుకుంది.

గురువారం వాంబోలా వచ్చాడు. డెబ్భై ఒకటి.
వల్గా దారిలో బస్సు నడిపి రిటైరైనవాడు.
కోటు విప్పనన్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు.
ప్లాట్‌ఫారం, టికెట్టు, గుమాస్తా అన్నీ చూశాడు.
తీగ ఉలకలేదు. ఫారంలో ఒకటి.
'ముప్ఫై ఏళ్ళు టికెట్లమ్మినవాణ్ణమ్మా,'
తప్పు చేసినవాడిలా అన్నాడు.

తర్వాత తటస్థ చిత్రం.
మనసుని మళ్ళీ నేలమట్టానికి దించే నాలుగు నిమిషాలు.
ఇందులో ఏ భావమూ లేదని
ముగ్గురు నిపుణులు సంతకాలు పెట్టారు.
చలికాలానికి బర్చ్ కట్టెలు పేర్చడమెలా.
ముఖాలుండవు. చేతితొడుగులు, కట్టెలు, షెడ్డు గోడ.
బెరడు పైకి. కోసిన వైపు గాలికి.
కట్టెకీ కట్టెకీ మధ్య
ఎలుక పట్టేంత సందు.

రెండో వరస దగ్గర టోపీ కింద పడింది.
తెర మీది గీత ఒక్కసారిగా పైకి లేచింది,
గడులు దాటి, అంచు దాటి.
అతను ఆపుకోలేదు. దాచుకోలేదు.
ఆఖరి స్టాపులో తలుపు తెరిచి
అందరూ దిగేదాకా కూర్చున్న డ్రైవరులా
కూర్చున్నాడు.

'బెరడు కిందికి పెట్టేది,' అన్నాడు చాలాసేపటికి.
'ఎన్నేళ్ళు చెప్పానో. వినేది కాదు.
ఇప్పుడు నేనూ కిందికే పెడుతున్నా.
అన్నీ నాని పోతున్నాయి.'

రుమాళ్ల డబ్బా అతనికి అందలేదు.
హెల్యు లేచి ఇచ్చింది.

'ఇంకోసారి వేస్తారా?'
వెయ్యకూడదు.
వేసింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.
నాలుగు నిమిషాలు ఇద్దరూ
ఎవరివో తొడుగుల చేతుల్ని చూశారు.

లెక్కలో అతన్ని తీసేయాలి.
'తొలగింపుకు కారణం' అన్న గడిలో
పరికరం లోపం అని రాసింది.

వంతెన మీద గాలి.
కింద ఎమయిగి అంచుల్లో గడ్డకడుతోంది,
నడుమ ఇంకా నల్లగా కదులుతోంది.
మూల మీద కొట్టులో రొట్టె కొంది, ఉల్లిపాయలు కొంది,
ఓ అగ్గిపెట్టె కొంది.
ఆమె ఇంట్లో పొయ్యి లేదు. గొట్టాల్లో వేడినీళ్ళొస్తాయి.
ఆమెకి సిగరెట్టలవాటూ లేదు.

అలవాటు అక్కకి.
ఎప్పుడూ అగ్గిపెట్టె మర్చిపోయి
దారినపోయేవాళ్ళని ఆపి, నవ్వుతూ, అడిగేది.